భుజం లెక్క

డిసెంబరు 7, సోమవారం

పెద్ద టీచర్ తన గదిలో గంటసేపు నిలబెట్టింది. కూర్చోమనలేదు. అడవి యాత్రకు ఇరవై రెండు మంది ఆడపిల్లలు. వాళ్ళ ఇళ్ళనుంచి వచ్చిన ఉత్తరాలన్నీ బల్ల మీద. ఒక్కదాంట్లోనూ పులి సంగతి లేదు. పాము సంగతి లేదు. చలెంత, వాగులో నీళ్ళెంత, కప్పుకోడానికి ఏం పంపాలి — ఏదీ లేదు. అందరూ అడిగింది ఒకటే: ఆచారం తప్పకుండా చూస్తారా? అందరికీ ‘తప్పకుండా’ అని జవాబు రాసేసిందట. రాసింది ఆమె. చూడాల్సింది నేను.

నాకు తోడు శకుంతల టీచర్. తెలుగు చెప్తుంది. పై తరగతికి మెట్లెక్కితేనే ఆయాసం. అడవిలో నాలుగు రోజులు ఎలా నడుస్తుందని అడిగాను. పెద్ద టీచర్ కిటికీలోంచి బయటకు చూస్తూ, తల్లిదండ్రులకు ఆమె మీద నమ్మకం అంది. అంటే నా మీద లేదని. డ్రిల్ టీచర్ని, ఆదివారం చర్చికి పోయేదాన్ని. నాకు ఆచారం ఏం తెలుస్తుంది?

పదకొండేళ్ళ నౌకరీ. ఇంకా ఇదే.

డిసెంబరు 8

శకుంతల టీచర్ సామాను — మూడు ఇత్తడి బిందెలు, రెండు మడి చీరలు, ఒక పీట. అడవికి పీట. బియ్యం, పప్పుల బస్తాలతోపాటు అదీ పోవాలి కాబట్టి ఎడ్లబండి కుదిర్చాను.

పిల్లల మూటలు విప్పించి చూశాను. సగం మందికి దుప్పటి లేదు. అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా మాత్రం అందరికీ ఉన్నాయి. తిట్టాను. తిట్టాక హాస్టల్ కొట్టు తాళం తీయించి దుప్పట్లు పంచాను.

డిసెంబరు 9, బుధవారం. మంచిర్యాల

పెద్దపల్లిలో రైలు మూడు గంటలు ఆలస్యం. పిల్లలు ప్లాట్‌ఫారం మీద మూటల మీదే నిద్ర. గోదావరి దాటుతుంటే అందరూ ఒక్కసారే కిటికీల మీద పడ్డారు. నేనూ పడ్డాను. మంచిగనే అనిపించింది... ఆ ఒక్క నిమిషం.

డిసెంబరు 10. జన్నారం

ఫారెస్టు ఆఫీసరు జీపులో వచ్చాడు. పిల్లల్ని ఎండలో నిలబెట్టి అరగంట ఉపన్యాసం. వీరనారులు, ధైర్యం, దేశం. కొబ్బరికాయ కొట్టాడు, ఫొటో తీయించుకున్నాడు. మమ్మల్ని అడవిలో ఎటు పోతున్నారని మాత్రం అడగలేదు. బత్తాయిలు ఒలుచుకు తిని తొక్కలు అక్కడే పడేసి జీపెక్కాడు. ఆయన పోయాక రాజేశ్వరి వంగి ఆ తొక్కలు ఏరింది. ఎవరూ చెప్పలేదు. సిరిసిల్ల పిల్ల, పదో తరగతి, నేతపని వాళ్ళ బిడ్డ. ఇంట్లో నేల మీద ఏది పడ్డా ఏరడం అలవాటు కాబోలు.

ఈ ధైర్యం ఉపన్యాసాలు చెప్పేవాళ్ళను ఒక్క రోజు ఒంటరిగా అడవిలో నిలబెట్టాలి.

డిసెంబరు 11, శుక్రవారం

మొదటి నడక. ఏడు మైళ్ళు. టేకు ఆకులు ఎండి కాళ్ళ కింద అప్పడాల్లా విరుగుతున్నాయి. ముందు సోము — దారి చూపే గోండు మనిషి, యాభై దాటినట్టుంది. చేతిలో గొడ్డలి, నోట్లో చుట్ట, మాట తక్కువ. అతని వెనక నేను. నా వెనక పిల్లలు వరసగా. చిట్టచివర శకుంతల టీచర్ ఉండాలి. మైలు నడిచి, కాలు నొస్తోందని బండెక్కింది. బండి మా దారిన రాదు. చుట్టు తిరిగి సాయంత్రం మజిలీకి వస్తుంది. చివర ఎవరూ లేరు.

నాకు తెలుసు. తెలిసే నడిపించాను. చివర మనిషి లేకపోయినా లెక్క ఉంది కదా అనుకున్నాను.

భుజం లెక్క. హైదరాబాదులో ట్రైనింగులో నేర్చుకున్నది. ముందున్న పిల్ల భుజం మీద చెయ్యి వెయ్యాలి, అప్పుడే తన అంకె పలకాలి. ఒకటి నుంచి ఇరవై రెండు దాకా, ముందు నుంచి వెనక్కి. చెయ్యి పడకుండా అంకె పలకరాదు. నోరు అబద్ధమాడుతుంది, చెయ్యి ఆడదు — ఇది నేను ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో. ఇవాళ ఆరుసార్లు లెక్క పెట్టాను. ఆరుసార్లూ ఇరవై రెండు.

వాగు దగ్గర అటుకులు తిన్నారు. కాళ్ళు నీళ్ళలో పెట్టి ఒకటే నవ్వులు. వీళ్ళు బడిలో ఇలా నవ్వగా నేను చూడలేదు. రాజేశ్వరి ప్రతి చెట్టు పేరూ సోమును అడిగి నోటుబుక్కులో రాసుకుంటోంది. విసుక్కుంటాడనుకున్నాను. విసుక్కోలేదు.

డిసెంబరు 12, శనివారం

పొద్దున్నే పంచాయితీ. రాజేశ్వరి బయట చేరింది.

శకుంతల టీచర్ పీట మీద కూర్చుని తీర్పు చెప్పింది. వంట దగ్గరికి రాకూడదు. ఎవర్నీ తాకకూడదు. అందరికంటే వెనక, ఇరవై అడుగుల దూరంలో నడవాలి. తిండి ఆకులో పెట్టి దూరంగా ఉంచితే ఎవరూ లేనప్పుడు వచ్చి తీసుకోవాలి.

ఇది అడవి అన్నాను. వెనక ఇరవై అడుగులంటే ఏంటో తెలుసా అన్నాను. చివర ఉండాల్సిన మీరు బండి మీద ఉన్నారు, ఇప్పుడు నెత్తురు పోతున్న పిల్లను చివర పెడతారా అన్నాను. గొంతు పెరిగింది. ఆమె గొంతు పెరగలేదు.

“ఎస్తేరూ, నీకు తెల్వది గాదు. ఊర్లకు పోయినంక ఆళ్ళ అవ్వలు నన్నడుగుతరు. నిన్నెవ్వరడగరు.”

నిజమే. నన్నెవరూ అడగరు. ఆమె బిందెను నేను ముట్టుకోకూడదు. నా గ్లాసులో ఆమె నీళ్ళు పై నుంచి పోస్తుంది. రాజేశ్వరికి నెలకు మూడు రోజులు దూరం. నాకు ముప్పై రోజులూ దూరమే. అలాంటిదాన్ని — ఇంకా రెండు రోజులే కదా, గొడవెందుకు — అనుకుని తలూపాను. నా తల మీద నాకే రోత.

భుజం లెక్క ఎలా మరి? పిల్లలే ఉపాయం కనిపెట్టారు. రాజేశ్వరి ముందు నడిచేది వసంత. ఇరవై ఒకటి తనది పలికి, వెంటనే “ఇరవై రెండు, దూరం” అని అరుస్తుంది. చెయ్యి లేదు. నోరు మాత్రమే. విన్నాను. బాగానే ఉందనుకున్నాను.

డిసెంబరు 13, ఆదివారం

రాజేశ్వరి లేదు.

మధ్యాహ్నం వాగు దాటాక లెక్క పెట్టాను. ఇరవై రెండు, దూరం. మజిలీ చేరాక పెట్టాను. ఇరవై రెండు, దూరం. ఆరు గంటలకు బండ మీద పెట్టిన మోదుగాకు విస్తరి అలాగే ఉంది. కాకులు పొడుస్తున్నాయి. వెలుగు పోతోంది. సోము, మజిలీ దగ్గరి చౌకీలో ఉండే ఫారెస్టు గార్డు, నేను వెనక్కి బయల్దేరుతున్నాం. శకుంతల టీచర్ పిల్లల దగ్గర. ఏడుస్తోంది. ఏడవనీ.

డిసెంబరు 14, సోమవారం

దొరికింది. ప్రాణంతో. ఒంట్లో వెచ్చగా ఉంది, అంతే.

రాత్రంతా వాగు వెంట పిలిచాను. గొంతు పోయింది. పొద్దు పొడిచాక సోమే జాడ పట్టాడు. వాగుకు అవతల ఒక గోండు ముసలమ్మ జొన్న చేను. మంచె మీద రాజేశ్వరి, మీద ముసలమ్మ గొంగడి. పక్కన అంబలి తాగిన దొప్ప.

జరిగింది ఇది. రాజేశ్వరి బట్ట తడిసి ముద్దయింది. వాగు దిగి ఉతుక్కుని మార్చుకోవాలి. కాసేపు ఆగమని టీచర్‌కు చెప్పు అని వసంతతో అంది. చెప్పాలంటే వసంత వరసంతా దాటి ముందుకు రావాలి. నా పక్కన సోము. మొగమనిషి ముందు ఆ మాట ఎలా చెప్తుంది? చెప్పలేదు. లెక్క వచ్చింది. అలవాటుగా “ఇరవై రెండు, దూరం” అనేసింది. వెనకనుంచి వచ్చేస్తుందిలే అనుకుంది. సాయంత్రం లెక్కప్పుడు వచ్చేసే ఉంటుందిలే అనుకుంది. దూరంగా ఉన్నదాన్ని ఎవరు చూస్తారు? రాజేశ్వరి పైకొచ్చేసరికి బాట మీద ఎవరూ లేరు. రెండు బాటలు చీలిన చోట తప్పుది పట్టింది.

తిలా పాపం తలా పిడికెడు. పెద్ద టీచర్ మాట ఇచ్చింది. శకుంతల దూరం పెట్టింది. వసంత సిగ్గుపడింది. నేను? నేను నోటి లెక్క ఒప్పుకున్నాను. నా పిడికిలే పెద్దది.

ముసలమ్మ నాతో ఎక్కువ మాట్లాడలేదు. సగం మాటలు తెలుగు, సగం మరాఠీ. ఎంతమంది పోయిన్రు అని అడిగింది. చెప్పాను. నా మొహం చూసింది, ఉమ్మేసింది. పిల్ల చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది.

“చెయ్యి పట్టుకొనే తీస్కపో బిడ్డ.”

పట్టుకునే తెచ్చాను. మజిలీలో శకుంతల టీచర్ ఎదురొచ్చి పది అడుగుల దగ్గర ఆగిపోయింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. అయినా పది అడుగులు దాటలేదు. అప్పుడు నాకు కోపం కూడా రాలేదు. పిల్ల చెయ్యి వదలకుండా ఆమెను దాటి నడిచాను.

డిసెంబరు 15

ఉట్నూరు. నడక అయిపోయింది. సోము పోతూ పోతూ రాజేశ్వరి నోటుబుక్కు అడిగి చూశాడు. అక్షరం రాదు. కాగితాలు తిప్పి చూసి ఇచ్చేశాడు.

డిసెంబరు 16, బుధవారం. కరీంనగర్

మాకంటే ముందే కబురు చేరింది. రైలు కంటే వేగంగా పోయేది ఇదొక్కటే. రాత్రి అడవిలో ఉన్నదట. గోండువాళ్ళ దగ్గర ఉన్నదట. ఫారెస్టు గార్డు ఉన్నాడట. ఆ గార్డు నాతో ఉన్నాడు అని ఎంతమందికి చెప్పాలి? హాస్టల్ వంటమనిషి కూడా రాజేశ్వరిని ఎగాదిగా చూసింది. పిల్ల తెల్లబోయింది. ఆ చూపు ఏంటో దానికి ఇంకా అర్థం కాలేదు. నాకు అర్థమైంది. గరిటె లాక్కుని నేనే వడ్డించాను.

డిసెంబరు 17

ముగ్గురు తండ్రులు బడికి వచ్చారు. పెద్ద టీచర్ తలుపేసుకుంది.

డిసెంబరు 18, శుక్రవారం

జిల్లా విద్యాశాఖ ఆఫీసుకు రిపోర్టు పోవాలి. పెద్ద టీచర్ ముందే రాసి పెట్టింది. ‘రాజేశ్వరి అను విద్యార్థిని ఎవరికీ చెప్పకుండా, క్రమశిక్షణ లేక వరుస విడిచి పోయినది.’ కింద నా సంతకానికి జాగా. యాత్ర నాయకురాలిని నేను కదా.

ఇది పోతే ఏమవుతుందని అడిగాను. దాచలేదు. హాస్టల్లో చోటు పోతుంది. ముప్పయ్యో తారీఖున పబ్లిక్ పరీక్షకు పోయే పేర్ల జాబితాలో ఈ పేరు ఉండదు. మార్చిలో రాయాల్సిన పరీక్ష. పదేళ్ళ చదువు. ఇంటికి పోతే కండెలకు నూలు చుట్టుకుంటూ కూర్చోవడమే.

నిజం రాస్తానన్నాను. నెలసరిలో ఉంటే దూరం పెట్టాం, దూరం పెట్టినందుకే లెక్కలో తప్పింది, ఆ లెక్క పెట్టింది నేను — అని. పెద్ద టీచర్ రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.

“గా మాట సర్కారు కాయితం మీద పెడ్తవా? చదివేది మొగోళ్ళు. బడి ఇజ్జత్ ఏం గావాలె?”

ఆడపిల్ల చదువు పోతే ఇజ్జత్ పోదు. ఆడపిల్లకు నెలసరి వస్తుందని రాస్తే పోతుంది. ఆడవాళ్ళమే కలిసి నడుపుతున్న ఆడపిల్లల బడి ఇది. కంచే చేను మేయడమంటే ఇదే.

చెడ్డమనిషి కాదు ఈమె. భయపడుతోంది. ఈ ముగ్గురు తండ్రులు పిల్లల్ని తీసుకుపోతే, ఇంకో ముప్పై మంది తీసుకుపోతారు. అదీ నిజమే. అన్నీ నిజాలే, అందుకే ఇంత కంపు.

డిసెంబరు 19, శనివారం

నేను రాసిన రిపోర్టు, రెండు పేజీలు, చేతిలో పెట్టుకుని హాస్టల్‌కు పోయాను. రాజేశ్వరికే చూపిద్దామని. చదివింది. ఆ మాట దగ్గర ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి.

“గది రాయకుండ్రి టీచర్. మా బాపు చదువుతడు. నేనే చెప్పకుండ పోయిన్నని రాయుండ్రి.”

పరీక్ష పోతుందే అన్నాను. తెలుసంది. చదువే అక్కర్లేదా అన్నాను. తల వంచుకుంది. బొటనవేలితో నేల రాస్తూ, పరీక్ష పోతే ఎట్లనో అట్ల బతుకుతా, బాపు మొహం ఎట్ల చూడాలె అంది.

పదిహేనేళ్ళ పిల్లకు ఇంత సిగ్గు ఎవరు నేర్పారు? ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టి నేనే కదా నేర్పింది.

డిసెంబరు 19, అదే రోజు సాయంత్రం

సంతకం పెట్టాను. పెద్ద టీచర్ కాగితం మీద.

పిల్ల అడిగింది కాబట్టి అని చెప్పుకుంటున్నాను. అబద్ధం. పిల్ల అడగడం నాకు కలిసొచ్చింది. నౌకరీ ఉంటుంది, క్వార్టరు ఉంటుంది, పెద్ద టీచర్ మొహం చూడగలుగుతాను. కలం పట్టుకుని ఆగుతాననుకున్నాను. ఆగలేదు. అదే చీదరగా ఉంది.

డిసెంబరు 20, ఆదివారం

చర్చికి పోలేదు.

డిసెంబరు 21, సోమవారం

రాజేశ్వరి తండ్రి వచ్చాడు. చంద్రయ్య. నిన్న బడి మనిషి తెచ్చిచ్చిన ఉత్తరం పట్టుకుని సిరిసిల్ల నుంచి మొదటి బస్సుకే. సన్నటి మనిషి, మెడలో తువ్వాల, వేళ్ళకు రంగు. పెద్ద టీచర్ ఊళ్ళో లేనని చెప్పించింది, గదిలోనే ఉంది. శకుంతల టీచర్ సెలవు. మిగిలింది నేను.

మైదానంలో నిలబడి మాట్లాడాం. కేకలు వేస్తాడనుకున్నాను. వేస్తే బాగుండేది. ఉత్తరం మడత విప్పి, మళ్ళీ మడిచి, నెమ్మదిగా అడిగాడు.

“మా పిల్ల చెప్పకుండ పోయే పిల్ల గాదు టీచరమ్మా. లెక్క ఎవరు పెట్టిన్రు?”

నేనే అన్నాను.

“పోగు తెగితె మేం మగ్గం ఆపుతం. అతికినంకనే మల్ల నేస్తం. మీరు పొద్దుమూకెదాక నడిచిన్రా?”

ఆ మాట చెప్పకుండా ఈ మనిషికి ఏదీ చెప్పలేను. ఆ మాట చెప్పొద్దని కూతురు బతిమాలింది. మొగమనిషి ముందు ఆ మాట నా నోటికీ రాదని అప్పుడు తెలిసింది నాకు. వసంతను ఎంత తిట్టుకున్నాను ఈ వారం రోజులు. నాకు ముప్పై ఆరేళ్ళు. ట్రైనింగయిన దాన్ని. అదే నాలుక.

చెప్పాను. నేల చూస్తూ చెప్పాను. నెలసరిలో ఉండె, దూరం పెట్టినం, ఎవ్వరం ముట్టుకోలే, అందుకే తెల్వలే అని. అతని భాషలోనే వచ్చింది.

తలెత్తి చూస్తే, అతని మొహంలో సిగ్గు లేదు. కోపం కూడా కాదు. నమ్మలేకపోతున్నట్టు ఉంది.

“గింతేనా? నా ఇంట్ల అవ్వున్నది, పెండ్లామున్నది, ముగ్గురు బిడ్డలున్నరు. నాకు తెల్వదా? మా ఇంట్ల గూడ దూరముంటరు, మగ్గం ముట్టరు. కాని యాడున్నరో నాకెరుకుంటది.”

ఎవరి కోసం సిగ్గుపడి పిల్ల తన చదువు వదులుకుందో, ఎవరి కోసమని నేను సంతకం పెట్టానని చెప్పుకున్నానో, ఆ మనిషి “గింతేనా” అన్నాడు.

గదే రాసియ్యుండ్రి అన్నాడు. రాసిస్తానన్నాను. రేపటికల్లా పెద్ద టీచర్‌కు ఇస్తానన్నాను. అయినా పిల్లను మూటతో సహా తీసుకుపోయాడు. హాస్టల్లో చోటు లేదని ఉత్తరంలోనే ఉంది. గేటు దగ్గర రాజేశ్వరి నా వైపు చూసింది. నేను చెప్పేశానని దానికి తెలిసిపోయింది. ఆ చూపులో ఏముందో... తిట్టినా బాగుండు.

డిసెంబరు 22

కొత్త రిపోర్టు ఇచ్చాను. మొదటిది తప్పు, ఒత్తిడితో సంతకం చేశాను అని కూడా రాశాను. పెద్ద టీచర్ చదివి, మూసి, పేపర్‌వెయిట్ కింద పెట్టింది. మొదటిది శనివారమే పోస్టయిందంది. ఇది ఇక్కడే ఉంటుంది, పండగ సెలవుల్లో ఆలోచించుకో అంది. నీ నౌకరీ గురించి కూడా ఆలోచించుకో అని అనలేదు. అనాల్సిన పని లేదు.

ఇంకో నకలు రాసి నేనే ఆఫీసుకు రిజిస్టర్డు పోస్టు చేశాను. పోస్టాఫీసులో గుమాస్తా విలాసం చూసి, ఆఫీసుకు మీరెందుకు రాస్తున్నారు టీచరమ్మా, బడి రాయదా అని అడిగాడు. ముద్ర కొట్టవయ్యా అన్నాను.

డిసెంబరు 25

క్రిస్మస్. పాడాను. పాటలో మనసు లేదు. పాస్టరు భార్య పక్కకు పిలిచి, అడవి సంగతేంటి, ఆ పిల్లకు నిజంగా ఏం జరిగింది అని అడిగింది. కళ్ళలో ఆకలి. మన వాళ్ళూ అంతే. ఏం తేడా లేదు. చేతిలో కేకు ముక్క అక్కడే పెట్టి వచ్చేశాను.

డిసెంబరు 28, సోమవారం

శకుంతల టీచర్ ఇంటికి వచ్చింది. నా ఇంటికి. పదకొండేళ్ళలో మొదటిసారి. గడప లోపలికి రాలేదు. బయటే నిలబడి, నువ్వు పంపిన కాగితంలో నా పేరుందా అని అడిగింది. ఉందన్నాను. రాత్రుళ్ళు నిద్ర పడతలేదు ఎస్తేరూ అంది. నా పేరు తీసెయ్యి అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. నీళ్ళు కావాలా అన్నాను. అలవాటుగా వద్దంది. వెళ్ళిపోయింది.

ఈమె మీద నాకు జాలి కలగాలా? కలగడం లేదు. కొంచెం కలుగుతోంది. అదీ చిరాకే.

డిసెంబరు 30, బుధవారం

పేర్ల జాబితా ఇవాళ పోయింది.

పొద్దుటినుంచి బడి ఆఫీసు గది బయట నిలబడ్డాను. గుమాస్తా లక్క ముద్ర వేస్తున్నాడు. చూపించమన్నాను. కవరు మూసినం గదా టీచరమ్మా అన్నాడు. పెద్ద టీచర్‌ను అడిగాను. పదో తరగతి పేర్లతో డ్రిల్ టీచర్‌కు ఏం పని అంది. నా కాగితానికి ఆఫీసు నుంచి జవాబు వచ్చిందా అన్నాను. రాలేదంది. నిజమో కాదో తెలియదు. పేరుందా లేదా, ఒక్క మాట చెప్పండి అన్నాను. ఫైలు తీసుకుని లోపలికి పోయింది.

తలుపు తన్నాలనిపించింది. తన్నలేదు.

డిసెంబరు 31, గురువారం

రాజేశ్వరి పుస్తకాలు హాస్టల్ అల్మారాలోనే ఉండిపోయాయి. లెక్కలు, సైన్సు, సోషలు, చెట్ల పేర్ల నోటుబుక్కు. మూటగట్టాను. రేపు పొద్దున ఆరు గంటల బస్సు. సెలవు చీటీ రాసి పెట్టాను, ఇచ్చినా ఇవ్వకపోయినా పోతాను.

ఏం చెప్పాలో ఇందాకటి నుంచి అనుకుంటున్నాను. చదువు ఆపొద్దని, ఇంట్లో కూర్చునైనా చదవమని, నెలకు రెండుసార్లు వచ్చి లెక్కలు నేనే చెప్తానని. ఇవన్నీ చెప్పొచ్చు. పిల్ల నాతో మాట్లాడకపోయినా చెప్పొచ్చు. చంద్రయ్య మగ్గం గుంటలోంచి లేస్తాడు. కూర్చోమంటాడు. నీళ్ళిస్తాడు. తర్వాత ఒకటే అడుగుతాడు — కాయితంల మా పిల్ల పేరున్నదా టీచరమ్మా?

నాకు తెలియదు. ఆరు గంటల బస్సు.